టవర్ తిరుగుతోంది.. తనిఖీ ఏదీ?

పాతబస్తీ, హైదరాబాద్: జనవరి వచ్చిందంటే పాతబస్తీ ఇళ్లలో ఒకటే మాట.. నుమాయిష్‌కు ఎప్పుడు పోదాం? శాలిబండ, మొగల్‌పురా, యాకుత్‌పురా, లాల్‌దర్వాజాల నుంచి ఆటోల్లోనూ, బైకులపైనూ బయల్దేరి నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి చేరుకునే కుటుంబాలు ఏటా వేలల్లో ఉంటాయి. పెద్దలకు కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ బట్టలు, వంటింటి సామాన్లు కావాలి. పిల్లల చూపు మాత్రం గేటు దాటినప్పటి నుంచీ ఆకాశం వైపే. అక్కడ రంగురంగుల దీపాలతో జెయింట్ వీల్ తిరుగుతుంటుంది. పడవలా ఊగే కొలంబస్ ఉంటుంది. సంతల్లోనూ మేళాల్లోనూ కొన్నేళ్లుగా వీటి సరసన మరొకటి చేరింది. అదే టవర్. నిటారుగా నిలిపిన ఇనుప స్తంభం చుట్టూ కుర్చీల వలయం గిరగిరా తిరుగుతూ పైకి పోతుంది, అంతెత్తు నుంచి ఒక్క ఉదుటున కిందికి జారుతుంది.

టికెట్ కొని ఎక్కే ముందు ఆ స్తంభం ఎలా నిలబడిందో, కుర్చీలను పట్టి ఉంచినదేమిటో అడిగేవారు అరుదు. అడిగినా చెప్పేవారు ఇంకా అరుదు. అయితే 2025 జనవరి 16న జరిగిన ఒక ఘటన తర్వాత ఈ ప్రశ్న అడగక తప్పని పరిస్థితి వచ్చింది. ఆ రోజు నుమాయిష్ మైదానంలో ఒక రైడ్ నడుమనే నిలిచిపోయింది. అందులో ఉన్నవారు దాదాపు అరగంట పాటు తలకిందులుగా వేలాడుతూ ఉండిపోయారు. బ్యాటరీలో లోపం వచ్చిందని, దాన్ని మార్చాక అందరినీ క్షేమంగా దించారని వార్తలొచ్చాయి. ఎవరికీ గాయాలు కాలేదు. కింద నిల్చున్న బంధువుల కేకలు, సెల్‌ఫోన్లలో తీసిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. రెండు మూడు రోజులు చర్చ నడిచింది. ఆపై యథాప్రకారం.

గాయాలు కాకపోవడం అదృష్టమే. కానీ ఆ అరగంట ఒక విషయాన్ని బయటపెట్టింది. కరెంటో, బ్యాటరీయో పోయినప్పుడు పైనున్న మనుషులను కిందికి దించే రెండో దారి ఆ యంత్రానికి సిద్ధంగా ఉందా అన్నదే అది. తల కిందికి వేలాడితే రక్తం తల వైపు చేరుతుంది, కళ్లలోనూ పుర్రెలోనూ ఒత్తిడి పెరుగుతుంది. పదిహేనేళ్ల కుర్రాడు నవ్వుతూ దిగిపోవచ్చు. రక్తపోటు ఉన్న యాభై ఏళ్ల మనిషి సంగతి అలా ఉండదు.

మొహాలీలో ఏం జరిగింది?

తిరిగే టవర్ విషయానికి వస్తే దేశం మొత్తానికీ గుర్తుండిపోయిన ఘటన పంజాబ్‌లోనిది. 2022 సెప్టెంబరు 4, ఆదివారం రాత్రి మొహాలీ దసరా మైదానంలో ఏర్పాటైన మేళాలో కుర్చీల వలయం తిరుగుతూ పైకి చేరింది. సుమారు 50 అడుగుల ఎత్తు నుంచి ఒక్కసారిగా నేలకు పడింది. వేగం తగ్గలేదు, మధ్యలో ఎక్కడా ఆగలేదు. పడిన అదురుకు కుర్చీల్లోంచి మనుషులు ఎగిరిపడటం ఆ వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. పదిమందికి పైగా గాయపడ్డారు, వారిలో మహిళలూ పిల్లలూ ఉన్నారు. ప్రాణనష్టం లేకపోవడమే విశేషం.

ఆ పతనాన్ని బడిలో చదివిన లెక్కతోనే అంచనా వేయవచ్చు. 50 అడుగులంటే సుమారు 15 మీటర్లు. ఏ ఆటంకమూ లేకుండా అంత ఎత్తు నుంచి పడే వస్తువు 1.75 సెకన్లలో నేలను తాకుతుంది. తాకే వేళకు దాని వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగాన్ని ఎంత దూరంలో తగ్గించామన్నదే బతుకు చావుల లెక్క. 10 మీటర్లు స్వేచ్ఛగా పడనిచ్చి, మిగిలిన 5 మీటర్లలో మెల్లగా బ్రేకు వేశామనుకుందాం. అప్పుడు కుర్చీలోని మనిషికి తన బరువు మూడింతలైనట్లు అనిపిస్తుంది, అంతే. ఆరోగ్యవంతుడు దాన్ని క్షణకాలం తట్టుకోగలడు, సరదాపడి మళ్లీ ఎక్కుతాడు కూడా. అదే 15 మీటర్ల పతనం నేల మీద అడుగు దూరంలో ఆగితే ఆ భారం సుమారు యాభై రెట్లు. వెన్నెముకకు అంత శక్తి లేదు.

కాబట్టి టవర్ రైడ్‌లో అసలు యంత్రం పైకి తీసుకుపోయేది కాదు, కిందికి ఆపేది. ఈ సంగతి ఎక్కేవారికి తెలియకపోయినా ఫర్వాలేదు. అనుమతులిచ్చేవారికి తెలిసి తీరాలి.

గోపురం గుట్టు

టవర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది గొలుసు కుర్చీల టవర్. స్తంభం పైభాగాన ఒక చక్రం, దానికి గొలుసులతో వేలాడే కుర్చీలు ఉంటాయి. చక్రం తిరిగేకొద్దీ కుర్చీలు గొడుగు విచ్చుకున్నట్లు బయటికి ఎగురుతాయి. మన జాతరల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న రంగులరాట్నానికి ఇది పెద్దన్న. వియన్నాలోని ప్రాటర్ పార్కులో 2010లో నిలిపిన ఇలాంటి టవర్ ఎత్తు 117 మీటర్లు. చార్మినార్ ఎత్తు 56 మీటర్లని గుర్తుచేసుకుంటే అది ఎంతో పాఠకులే ఊహించుకోవచ్చు. అమెరికాలోని ఓర్లాండోలో 2018లో వచ్చినది అంతకన్నా ఎత్తు, 450 అడుగులు.

రెండోది మొహాలీలో పడిన రకం. ఇందులో కుర్చీలు వేలాడవు. స్తంభాన్ని కంకణంలా చుట్టిన ఒక ఇనుప చట్రానికి బయటి వైపు ముఖం పెట్టి బిగించి ఉంటాయి. స్తంభం శిఖరాన కప్పీలు ఉంటాయి. అడుగున మోటారుతో తిరిగే వించ్ ఉంటుంది. వించ్ ఇనుప తాడును చుట్టుకుంటే తాడు కప్పీ మీదుగా చట్రాన్ని పైకి లాగుతుంది. కొన్నింటిలో వించ్‌కు బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ సిలిండర్ ఈ పని చేస్తుంది. చట్రం స్తంభానికి రాసుకోకుండా రబ్బరు చక్రాలు నడిపిస్తాయి. చట్రం లోపల మరో పెద్ద బేరింగ్, దానికో చిన్న మోటారు ఉంటాయి. తిప్పే పని వాటిది.

ఈ రెండో రకంలో తిప్పడం వల్ల కలిగే భారం చాలా తక్కువ. కేంద్రం నుంచి 3 మీటర్ల దూరంలో కూర్చుని నిమిషానికి 8 చుట్లు తిరిగితే బయటికి తోసే బలం మన బరువులో సుమారు ఐదో వంతే. భయమంతా ఎత్తుది, జారుడుది. గొలుసు కుర్చీల టవర్ సంగతి వేరు. అక్కడ తిరుగుడే అసలు ఆట. కుర్చీ బయటికి ఎగిరాక కేంద్రం నుంచి 8 మీటర్ల దూరంలో ఉండి, నిమిషానికి 10 చుట్లు తిరుగుతోందనుకుంటే గంటకు 30 కిలోమీటర్ల వేగం వస్తుంది. గొలుసు నిలువుకు 42 డిగ్రీల వాలులో నిలుస్తుంది. 60 కిలోల మనిషిని మోస్తున్న గొలుసుపై 80 కిలోల లాగుడు పడుతుంది. ఇందులో చిత్రమేమిటంటే వాలుకు బరువుతో పనిలేదు. పక్కపక్క కుర్చీల్లోని పాతిక కిలోల పాప, తొంభై కిలోల తండ్రి ఒకే కోణంలో ఎగురుతారు. గొలుసు మీద భారం మాత్రం వేర్వేరు.

ఆపరేటర్ చేతిలోని మీట ఎంత ప్రమాదకరమో ఇక్కడే తెలుస్తుంది. జనం ఈలలు వేస్తున్నారని 10 చుట్లను 12 చేశాడనుకోండి. పెంచింది ఐదో వంతే కదా అనిపిస్తుంది. కానీ బయటికి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 8 మీటర్ల దూరం మారకుండా ఉందనుకున్నా ఆ బలం 44 శాతం ఎక్కువవుతుంది, వాలు 50 డిగ్రీలు దాటుతుంది. కుర్చీ ఇంకా బయటికి జరుగుతుంది కనుక వాస్తవంలో పెరుగుదల ఆ పైమాటే. తయారీదారు వేగానికి హద్దు పెట్టి ఉంటే, ఆ హద్దును మార్చలేని విధంగా ప్యానెల్‌కు తాళం వేసి ఉంటే సరే. లేకుంటే ఎనభై మంది ప్రాణాలు ఒక కుర్రాడి ఉత్సాహం మీద ఆధారపడి ఉన్నట్లే.

ఒకే వైపు నలుగురు కూర్చుంటే..

మేళాల్లో రద్దీ తగ్గిన వేళ ఒక దృశ్యం తరచూ కనబడుతుంది. అయిదారుగురు స్నేహితులు వచ్చి అందరూ పక్కపక్కనే కూర్చుంటారు. ఎదురు వైపు కుర్చీలన్నీ ఖాళీ. అనుభవమున్న ఆపరేటర్ వెంటనే ఇద్దరిని లేపి అటు వైపు పంపిస్తాడు. కొందరు దీనికి విసుక్కుంటారు కూడా. అతడు చేసేది సరైన పని.

60 కిలోల చొప్పున నలుగురు, అంటే 240 కిలోలు ఒకే వైపు ఉన్నాయనుకుందాం. పైన చెప్పిన గొలుసు టవర్ లెక్క ప్రకారం వారి తిరుగుడు వల్ల స్తంభం శిఖరాన్ని పక్కకు లాగే బలం 200 కిలోలకు పైనే. పైగా అది ఒకే దిక్కుకు లాగదు. ఆరు సెకన్లకొకసారి చుట్టూ తిరుగుతూ తూర్పుకు, దక్షిణానికి, పడమరకు, ఉత్తరానికి లాగుతుంది. పాతిన గుంజను పీకడానికి మనమూ అదే చేస్తాం. అటూ ఇటూ ఊపుతాం. శాశ్వత పార్కులో టవర్ కాంక్రీటు పునాదిలో బిగించి ఉంటుంది కనుక ఈ ఊపును తట్టుకుంటుంది. మేళా టవర్ అలా కాదు. నాలుగు వైపులా చాచిన ఇనుప కాళ్లు, వాటి కింద చెక్క దిమ్మెలు, ఆ దిమ్మెల కింద మన నేల. మొన్ననే వాన పడి ఉంటే, ఆ చోట గతంలో గుంత పూడ్చి ఉంటే ఒక కాలు అర అంగుళం దిగబడుతుంది. అడుగున అర అంగుళమంటే శిఖరాన చాలా ఎక్కువ. అందుకే నిలిపిన రోజున మట్టం చూస్తే చాలదు, ప్రతి సాయంత్రం చూడాలి.

గాలిదీ ఇదే లెక్క. గాలి వేగం రెట్టింపైతే స్తంభాన్ని తోసే బలం నాలుగింతలు అవుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి సంగతి తెలియనిది కాదు. జనవరిలో జరిగే నుమాయిష్‌కు ఆ బెడద తక్కువ. వేసవి సెలవుల్లో బస్తీ మైదానాల్లో వెలిసే మేళాలకు మాత్రం తప్పదు. స్తంభం మీద గాలి వేగాన్ని కొలిచే చిన్న పరికరం ఉండాలి, ఎంత వేగానికి ఆట ఆపాలో ప్యానెల్ పక్కనే రాసి ఉండాలి. అదేమంత ఖర్చు కాదు.

తాడు తెగితే పట్టుకునేదేది?

1854లో న్యూయార్క్‌లో ఒక పారిశ్రామిక ప్రదర్శన జరుగుతోంది. ఎలిషా ఓటిస్ అనే మెకానిక్ ఒక వేదిక మీద నిలబడి, తాడుతో తనను పైకి లాగించుకుని, అందరూ చూస్తుండగా ఆ తాడును నరికించాడు. వేదిక కొద్దిగా జారి ఆగిపోయింది. తాడు వదులైన క్షణాన పక్క పట్టాలను పట్టుకునే కొక్కేలను అతడు అమర్చాడు. ఇవాళ నగరంలోని ప్రతి అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ ఉన్నది ఆ సూత్రమే. మనుషులను తాడుతో పైకి లేపే ఏ యంత్రానికైనా తాడు తెగితే పట్టుకునే ఏర్పాటు ఉండాలని ఒక ప్రదర్శనలోనే 170 ఏళ్ల కిందట రుజువైందన్నమాట. అదే ప్రదర్శనల్లో తిరిగే టవర్లకు ఆ ఏర్పాటు ఉందో లేదో ఇప్పుడు విచారించాల్సి రావడం విచిత్రమే.

పెద్ద పార్కుల టవర్లలో మరో పద్ధతి వచ్చింది. స్తంభం దిగువ భాగాన రాగి లేదా అల్యూమినియం పలకలు, కుర్చీల చట్రానికి బలమైన శాశ్వత అయస్కాంతాలు అమరుస్తారు. కొన్నింటిలో ఇవి తారుమారుగా ఉంటాయి. అయస్కాంతం వేగంగా లోహపు పలకను దాటినప్పుడు ఆ పలకలో విద్యుత్తు సుడులు పుడతాయి, అవి అయస్కాంతాన్ని వెనక్కి లాగుతాయి. ఎంత వేగంగా వస్తే అంత గట్టిగా లాగుతాయి. దీనికి కరెంటు అక్కర్లేదు, నూనె అక్కర్లేదు, అరిగిపోయే బ్రేకు ముక్కలు అసలే లేవు. ఊరంతా చీకటైనా పని చేస్తుంది. చివర్లో పూర్తిగా నిలబెట్టలేకపోవడం ఒక్కటే దీని లోపం. ఆ కాస్తా మామూలు బ్రేకు చూసుకుంటుంది. ఇది ఖరీదైన ఏర్పాటు. లారీల్లో ఊరూరా తిరిగే టవర్ల యజమానులు దీనికి దూరంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు మిగిలేది తాడు, వించ్ బ్రేకు, హైడ్రాలిక్ వాల్వు మాత్రమే. వాటి తనిఖీ అంత కఠినంగా ఉండాలి.

తాడు తనిఖీ పెద్ద విద్య కాదు. ఇనుప తాడులో వందలాది సన్నని తీగలుంటాయి. తెగేముందు అవి ఒక్కొక్కటిగా విరిగి ముళ్లలా బయటికి పొడుచుకు వస్తాయి. గుడ్డతో తాడును తుడిచి చూస్తే ఆ పోగులు గుడ్డకు చిక్కుతాయి. తాడు చివర మడిచి బిగించే యు ఆకారపు క్లిప్పులదీ ఒక నియమం ఉంది. భారం మోసే తాడు మీద క్లిప్పు చదును భాగం ఉండాలి, వంపు తిరిగిన కడ్డీ కోసిన కొస వైపు ఉండాలి. తలకిందులుగా బిగిస్తే ఆ కడ్డీ భారం మోసే తీగలనే నలిపేస్తుంది. మన నగరంలో నిర్మాణ పనుల దగ్గర, ప్రకటన బోర్డుల దగ్గర ఈ క్లిప్పులు ఎన్ని రకాలుగా బిగించి ఉంటాయో ఒకసారి తలెత్తి చూడండి.

అనంతపురంలో ఒక బోల్టు

తెలుగు నేలపై ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించిన ఊరు అనంతపురం. 2019 మే నెలాఖరులో అక్కడి జూనియర్ కళాశాల మైదానంలో ఏర్పాటైన ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తిరుగుతుండగా ఒక పెట్టె బోల్టు ఊడి ఒరిగిపోయింది. అందులోని పిల్లలు కింద పడ్డారు. పదేళ్ల బాలిక చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. బోల్టు వదులైందని ముందే హెచ్చరించినా ఆపరేటర్ పట్టించుకోలేదని స్థానికులు ఆరోపించారు. ఆగ్రహించిన జనం అతడిపై చేయి చేసుకున్నారు. అదే ఏడాది జులై 14న అహ్మదాబాద్ కాంకరియా చెరువు గట్టున ఉన్న పార్కులో లోలకంలా ఊగే రైడ్ ప్రధాన దండం విరిగిపోయి ఇద్దరు మరణించారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. అంతకు మూడేళ్ల ముందు, 2016 మేలో చెన్నై సమీపంలోని ఒక పార్కులో కొత్త రైడ్‌ను పరీక్షిస్తుండగా కూలి ఒక ఉద్యోగి ప్రాణాలు కోల్పోయాడు.

ఇనుముకూ అలసట ఉంది. ఒకేసారి మోయలేనంత బరువు పెడితేనే ఇనుము విరుగుతుందని మనం అనుకుంటాం. మోయగలిగిన బరువునే లక్షల సార్లు పెట్టి తీసినా విరుగుతుంది. వెల్డింగ్ అతుకు అంచున కంటికి కనబడని వెంట్రుకవాసి పగులుతో అది మొదలవుతుంది. ప్రతి తిరుగుడుకూ కాస్త పెరుగుతుంది. ఒక రోజు మిగిలిన ఇనుము చాలదు. రంగు మీద రంగు వేసి మెరిపించిన రైడ్‌లో ఈ పగులు అసలే కనబడదు. దీన్ని పట్టడానికి ఎర్ర ద్రవం పరీక్ష ఉంది. రంగు గీకి, అతుకును శుభ్రం చేసి ఎర్రని ద్రవం పూస్తారు. అది పగుళ్లలోకి ఇంకుతుంది. పైన తుడిచేసి తెల్లని పొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత బయటపడుతుంది. బాయిలర్లకూ, క్రేన్లకూ వాడే చవకైన పరీక్షే ఇది. మన నగర శివార్లలోని ఫ్యాక్టరీల్లో రోజూ జరిగేదే.

తిరిగే మేళా రైడ్‌కు ఇంకో గండం ఉంది. దాన్ని ఏడాదికి పది ఊళ్లలో విప్పి, లారీకెక్కించి, మళ్లీ బిగిస్తారు. శాశ్వత పార్కుల్లో ఒకసారి బిగించిన బోల్టు అక్కడే ఉంటుంది. ఇక్కడ అదే బోల్టు పదిసార్లు విప్పుతారు. మర సాగుతుంది, తుప్పు పడుతుంది. ఒకటి పోతే దగ్గరి దుకాణంలో దొరికిన మామూలు బోల్టు పడుతుంది. గట్టి బోల్టుల తల మీద 8.8 వంటి అంకె ముద్రించి ఉంటుంది. ఆ అంకె లేని బోల్టు, దాని పక్కనే ఉన్న బోల్టు చూడటానికి ఒకేలా ఉండవచ్చు. మోసే శక్తిలో సగానికి సగం తేడా ఉండవచ్చు.

కడ్డీ మూసుకుందా?

యంత్రమంతా సరిగా ఉన్నా మనిషిని కుర్చీలో పట్టి ఉంచేది భుజాల మీదుగా దిగే కడ్డీ ఒక్కటే. 2022 మార్చి 24న ఓర్లాండోలో 430 అడుగుల టవర్ రైడ్ నుంచి 14 ఏళ్ల బాలుడు జారిపడి మరణించాడు. స్తంభం బాగానే ఉంది, తాడు బాగానే ఉంది, బ్రేకులు సక్రమంగా పడ్డాయి. ఆ బాలుడు రైడ్‌కు నిర్దేశించిన గరిష్ఠ బరువు కన్నా చాలా ఎక్కువ బరువున్నవాడు. అతడు కూర్చున్న కుర్చీ సెన్సర్‌ను చేత్తో సర్దుబాటు చేశారని, దానివల్ల కడ్డీ మామూలు కన్నా ఎక్కువ ఖాళీ ఉన్నా యంత్రం ‘అంతా సరే’ అని పచ్చదీపం వెలిగించిందని దర్యాప్తు తేల్చింది. బ్రేకు పడ్డ క్షణాన శరీరం ఆ ఖాళీలోంచి జారిపోయింది. తర్వాత ఆ టవర్‌నే విప్పేశారు.

అమెరికాలో సెన్సర్‌ను ఏమార్చారు. మన మేళాల్లో సెన్సర్ అన్నదే ఉందా అన్నది తొలి ప్రశ్న. లేనప్పుడు ఆపరేటర్ చెయ్యే సెన్సర్. అతడు ప్రతి కడ్డీనీ లాగి చూస్తున్నాడా, లేక దూరం నుంచే చూసి బటన్ నొక్కుతున్నాడా అన్నది క్యూలో నిల్చున్న వారు ఎవరైనా గమనించవచ్చు. అలాగే కడ్డీతోపాటు కాళ్ల మధ్య నుంచి వచ్చే బెల్టు ఉంటే సన్నని పిల్లలు కిందికి జారరు. పాతబస్తీలో బురఖా, దుపట్టాలతో రైడ్ ఎక్కే మహిళలు ఎక్కువ. తిరిగే చక్రాల దగ్గర వేలాడే బట్ట ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. వాటిని సర్దుకునే వీలు, చెప్పే మహిళా సిబ్బంది ఉండటం కనీస మర్యాద. నుమాయిష్‌లో ఒక రోజును మహిళలకే కేటాయించే ఆనవాయితీ ఉన్న నగరానికి ఇది కొత్త ఆలోచనేమీ కాదు.

అనుమతి ఎవరిది? బాధ్యత ఎవరిది?

నుమాయిష్ సామాన్యమైన సంత కాదు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు వంద స్టాళ్లతో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వంటి విద్యాసంస్థలను నడుపుతోంది. పాతబస్తీ ఆడపిల్లలు ఎందరో ఆ తరగతి గదుల నుంచి వచ్చినవారే. అందుకే దాని మీద నగరానికి ప్రేమ ఉంది. ఆ ప్రేమ ఉన్నవారే ఈ ప్రశ్న కూడా అడగాలి.

2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో చెలరేగిన అగ్నిప్రమాదంలో వందలాది స్టాళ్లు బూడిదయ్యాయి. ప్రాణనష్టం జరగలేదు. ఆ తర్వాత వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం అన్నది ఏటా ముందుగా వినిపించే మాట అయింది. ఒక ప్రమాదం ఒక శాఖను మేల్కొలిపిందన్నమాట. యంత్రాల విషయంలో అలా మేల్కొనాల్సిన శాఖ ఏదో స్పష్టంగా చెప్పలేకపోవడమే అసలు చిక్కు.

హైదరాబాద్ నగర పోలీసు చట్టం 1348 ఫస్లీ నాటిది. అంటే దాదాపు నుమాయిష్ పుట్టిన కాలానిదే. ప్రజా వినోద ప్రదేశాలను నియంత్రించే అధికారాన్ని అది పోలీసులకిచ్చింది. పోలీసు అధికారి జనసమ్మర్దాన్ని, ట్రాఫిక్‌ను అంచనా వేయగలరు. అగ్నిమాపక అధికారి మంటల సంగతి చూస్తారు. విద్యుత్ తనిఖీ అధికారి తీగలు, ఎర్తింగ్ చూస్తారు. బేరింగ్‌ను, వించ్ బ్రేకును, వెల్డింగ్ అతుకును చూసేదెవరు? ప్రైవేటు ఇంజినీరు సంతకం చేసిన ఒక కాగితం దస్త్రంలో చేరితే చాలుననుకునే అలవాటు దేశమంతటా ఉన్నదే. వినోద రైడ్ల భద్రతపై కేంద్ర చట్టమేదీ లేదు. భారత ప్రమాణాల సంస్థ 2004లో ఐఎస్ 15475 పేరిట రైడ్ల రూపకల్పన, నిర్వహణలపై మార్గదర్శకాలు వెలువరించింది. అవి సిఫార్సులే, చట్టం వాటిని తప్పనిసరి చేస్తేనే కోరలు వస్తాయి.

గుజరాత్ ఆ పని కొంత చేసింది. 2024 మే 25న రాజ్‌కోట్‌లోని గేమ్ జోన్‌లో మంటలు 27 మందిని బలిగొన్న తర్వాత ఆ రాష్ట్రం వినోద రైడ్లకు, గేమింగ్ జోన్లకు ప్రత్యేక భద్రతా నియమావళి తెచ్చింది. కఠినంగా ఉందని మేళా నిర్వాహకులు అభ్యంతరపెట్టారు. తాత్కాలిక మేళాలో కాంక్రీటు పునాది ఎలా వేయగలమన్నది వారి వాదన. అందులో కొంత న్యాయం లేకపోలేదు. నెల రోజుల మేళాకు శాశ్వత పార్కు కొలమానం పెడితే చిన్న యజమానులు మూతపడతారు, లేదా కాగితం మీదే పునాదులు వేస్తారు. రెండోదే ఎక్కువ జరుగుతుందని మన అనుభవం.

దీనికి జర్మనీలో ఒక ఆచరణయోగ్యమైన పద్ధతి ఉంది. ఊరూరా తిరిగే ప్రతి రైడ్‌కూ ఒక పుస్తకం ఉంటుంది. దాని నిర్మాణ లెక్కలు, మార్చిన భాగాలు, నిపుణుల తనిఖీలు అన్నీ అందులో నమోదవుతాయి. రైడ్‌తోపాటు ఆ పుస్తకమూ ప్రయాణిస్తుంది. కొత్త ఊళ్లో నిలిపిన ప్రతిసారీ అక్కడి అధికారి దాన్ని చూసి, రైడ్‌ను చూసి సంతకం చేస్తాడు. మన లారీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నట్లే రైడ్‌కూ ఉంటుంది. మన దగ్గర ఒక టవర్ అనంతపురంలో విప్పి, కర్నూలులో బిగించి, ఆపై హైదరాబాద్ వస్తే దాని గత చరిత్ర ఏమిటో ఇక్కడి అధికారికి తెలిసే మార్గం లేదు. రంగు కొత్తది, పేరు కొత్తది. ఇనుము వయసు మాత్రం ఎవరికీ తెలియదు.

ఇందుకు కొత్త శాఖ అవసరం లేదు. నగరంలో ఇంజినీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. ఉస్మానియా, జేఎన్‌టీయూ మెకానికల్ విభాగాల అధ్యాపకులు ఇద్దరు, విద్యుత్ తనిఖీ అధికారి ఒకరు, అగ్నిమాపక అధికారి ఒకరు కలిసి మేళా తెరిచే ముందు రెండు రోజులు మైదానంలో తిరిగితే చాలా సంగతులు బయటపడతాయి. కుర్చీల్లో మనుషుల బరువుకు సమానంగా ఇసుక మూటలు పెట్టి, పూర్తి వేగంతో తిప్పి, నడుమ కరెంటు తీసేసి ఏం జరుగుతుందో చూడాలి. 2025 జనవరిలో జనం మీద జరిగిన పరీక్ష అప్పుడు ఇసుక మూటల మీద జరుగుతుంది. తేలిన ఫలితాన్ని తెలుగు, ఉర్దూ భాషల్లో టికెట్ కిటికీ పక్కన అంటించాలి. ఏ తేదీన పరీక్షించారు, ఎవరు సంతకం చేశారు, ఎంతమంది ఎక్కవచ్చు, గరిష్ఠ బరువెంత అన్న నాలుగు ముక్కలు చాలు.

టికెట్ కౌంటర్ దగ్గర పిల్లవాడు చొక్కా పట్టుకు లాగుతుంటే తండ్రి ఇవన్నీ ఆలోచించగలడని అనుకోలేం. అయినా ఒక రౌండు చూసి ఎక్కడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఆ అయిదు నిమిషాల్లో ఆపరేటర్ కడ్డీలు లాగి చూశాడా, బరువు రెండు వైపులా సర్దాడా, ఇనుప కాళ్ల కింద దిమ్మెలు కదులుతున్నాయా, కట కట శబ్దం వస్తోందా అన్నవి కళ్లకూ చెవులకూ తెలుస్తాయి. అనంతపురంలో బోల్టు సంగతి మొదట పట్టుకున్నది ఇంజినీరు కాదు, అక్కడున్న జనమే.

ఏటా డిసెంబరు ఆఖరి వారంలో నాంపల్లి మైదానంలోకి లారీలు వస్తాయి. స్తంభాల ముక్కలు, చక్రాల చువ్వలు దిగుతాయి. వారం తిరక్కుండా అవి ఆకాశానికి లేస్తాయి. ఇసుక మూటలు తేవడానికి అనువైన సమయం ఆ వారమే.